జయనగర్ థీసిస్ షాపు: బైండింగ్‌కి వెళ్ళండి, ఫ్రేమ్‌వర్క్ మాత్రం కొనకండి

ముందు రేటింగ్ చెప్పేస్తాను. టైపింగ్‌కి ఐదుకి ఐదు. బైండింగ్‌కి ఐదుకి ఐదు. కన్నడ, తెలుగు కన్సెంట్ ఫారాలకి నాలుగున్నర. కౌంటర్ పక్కన బోర్డు పెట్టి అమ్ముతున్న కాన్సెప్చువల్ ఫ్రేమ్‌వర్క్ (స్టడీ ఏ థియరీ మీద నిలబడిందో చూపించే చార్టు, దాని వివరణ) ప్యాకేజీకి మాత్రం ఒకటి, అదీ బొమ్మ శుభ్రంగా గీస్తారు కాబట్టి. అన్నీ కలిపి మూడు నక్షత్రాలు ఇచ్చాను కానీ ఆ మూడు చూస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. చిత్తూరు, అనంతపురం, నెల్లూరు వైపు నుంచి బెంగళూరు వచ్చి ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతున్న పిల్లలు ఓపిగ్గా చదవండి. నేను ఒక నర్సింగ్ కాలేజీలో మెడికల్ సర్జికల్, రీసెర్చ్ రెండూ చెప్తాను. ఈ షాపుకి మా స్టూడెంట్స్‌తో వెళ్తూనే ఉంటాను.

రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం జయనగర్ నాలుగో టి బ్లాక్‌లో ఉంది కాబట్టి, సినాప్సిస్‌లు, అంటే స్టడీ ప్రతిపాదనలు, ఇచ్చే రోజుల్లోనూ డిసర్టేషన్లు ఇచ్చే రోజుల్లోనూ ఆ చుట్టుపక్కల జెరాక్స్ షాపులన్నీ మనవాళ్ళతో కిటకిటలాడతాయి. ఈ షాపు మేడ మీద ఉంది, మెట్లు ఇరుకు, లోపల మాత్రం కూర్చోవడానికి బెంచీలు, ఫ్యాను, తాగడానికి నీళ్ళు ఉన్నాయి. ఓనరన్న మదనపల్లె వైపు మనిషి, తెలుగులో మాట్లాడితే ముఖం విప్పారుతుంది. పని నిజంగా బాగా చేస్తారు. టేబుల్ ఒక పేజీలో మొదలై ఇంకో పేజీలోకి విరిగిపోకుండా చూస్తారు, బైండింగ్ వైపు మార్జిన్ సరిగ్గా వదులుతారు, రిఫరెన్సుల నంబర్లు మధ్యలో ఒకటి తీసేస్తే మిగతావన్నీ మళ్ళీ సరిచేసి ఇస్తారు. రాత్రంతా కూర్చుని రిఫరెన్స్ నంబర్లు దిద్దుకున్నవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది. హార్డ్ బైండింగ్ మీద బంగారు అక్షరాలు చెరిగిపోవు, స్పైన్ మీద పేరు వంకర పోదు.

కన్నడ టైపింగ్‌కి ఒక ఆవిడ ఉన్నారు, నుడి సాఫ్ట్‌వేర్‌లో చకచకా కొట్టేస్తారు. తెలుగు కూడా చేస్తారు, అది మనకి చాలా అవసరం, ఎందుకంటే నిమ్హాన్స్‌లోనైనా కిద్వాయిలోనైనా జయదేవలోనైనా వార్డులో నాలుగు మంచాలు దాటితే ఒక తెలుగు పేషెంట్ ఉంటారు, వాళ్ళకి కన్నడ ఫారం ఇచ్చి సంతకం పెట్టించుకోవడం న్యాయం కాదు. అర మార్కు ఎందుకు తగ్గించానంటే తెలుగు ఫారంలో ఒత్తులు అక్కడక్కడ పోతున్నాయి, ప్రింట్ ఇచ్చేముందు మీరే ఒకసారి చదువుకోండి.

ఇప్పుడు అసలు విషయం, ఆ ప్యాకేజీ. వాళ్ళ కంప్యూటర్లో ఒక ఫోల్డర్ ఉంది. అందులో వీడెన్‌బాక్, కింగ్, ఒరెమ్, రాయ్, పెండర్, న్యూమన్, హెల్త్ బిలీఫ్ మోడల్, జనరల్ సిస్టమ్స్, స్టఫుల్‌బీమ్ సిప్ మోడల్, ఇలా థీసిస్‌లలో వాడే థియరీలు, మోడళ్ళు అన్నీ రంగు రంగుల చార్టులుగా రెడీగా ఉంటాయి. మీ టైటిల్ చెప్తే డబ్బాల్లో మాటలు మార్చి, దాని గురించి రెండు పేజీల రైటప్ జతచేసి, కింద 'మాడిఫైడ్' అని రాసి కలర్ ప్రింట్ ఇస్తారు. అరగంట పని. సినాప్సిస్ టెన్షన్‌లో ఉన్న అమ్మాయికి ఇది ఎంత ఊరటగా అనిపిస్తుందో నాకు తెలుసు. గైడ్ దొరకరు, దొరికినా "ఏదో ఒక థియరీ పెట్టుకుని రామ్మా" అంటారు, లైబ్రరీలో పాత థీసిస్‌లన్నింటిలోనూ అవే బొమ్మలు. అందుకని పిల్లల్ని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

కానీ ఆ ప్యాకేజీ పట్టుకొచ్చినవాళ్ళ పేపర్లు నా చేతికి వచ్చినప్పుడల్లా చూస్తున్నది ఒకటే: ఆ చార్టుకీ ఆ స్టడీకీ సంబంధం ఉండదు. సంబంధం ఉందో లేదో మీరే ఎలా తేల్చుకోవాలో ఉదాహరణలతో చెప్తాను.

మా ఊరి వైపు అమ్మాయి ఒకామె నన్ను అక్కా అని పిలుస్తుంది, వేరే కాలేజీలో చదువుతోంది. టైప్ 2 డయాబెటిస్ ఉన్నవాళ్ళకి పాదాల సంరక్షణ మీద వీడియో పాఠం ఎంతవరకు పనిచేస్తుందన్నది ఆమె టాపిక్. టూల్స్ రెండు, ఒక నాలెడ్జ్ క్వశ్చనేర్, ఒక ప్రాక్టీస్ చెక్‌లిస్ట్. షాపులో ఆమెకి రాయ్ అడాప్టేషన్ మోడల్ ఇచ్చారు. రాయ్ మోడల్‌లో తప్పేమీ లేదు. సిస్టర్ కలిస్టా రాయ్ 1970లో మొదట ప్రచురించిన ఆ మోడల్ ప్రకారం మనిషి తన చుట్టూ వచ్చే మార్పులకి సర్దుకుంటూ బతుకుతాడు. ఎదురుగా నిలబడిన కారణం ఫోకల్ స్టిములస్, దానికి తోడయ్యేవి కాంటెక్స్చువల్, ప్రభావం ఉందో లేదో తేల్చలేనివి రెసిడ్యువల్. సర్దుబాటు కనిపించేది నాలుగు మోడ్‌లలో: శరీరం, తన గురించి తనకున్న భావన, పోషించే పాత్ర, ఒకరి మీద ఒకరు ఆధారపడే అనుబంధాలు. షాపువాళ్ళు ఆ నాలుగు డబ్బాలూ నింపేశారు. సెల్ఫ్ కాన్సెప్ట్ డబ్బాలో 'ఆత్మవిశ్వాసం పెరుగుట', రోల్ ఫంక్షన్‌లో 'కుటుంబ బాధ్యతలు నిర్వర్తించుట', అలా. ఆ అమ్మాయి టూల్‌లో ఆత్మవిశ్వాసం మీద ఒక్క ప్రశ్న లేదు, కుటుంబ బాధ్యతల మీద లేదు, అనుబంధాల మీద లేదు. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ "రోల్ ఫంక్షన్ దేంతో కొలిచావమ్మా" అని అడిగితే ఆమె దగ్గర జవాబు ఉండదు. వైవా సంగతి పక్కన పెట్టినా, కొలవనిదాన్ని కొలిచినట్టు బొమ్మలో చూపించడం పద్ధతి కాదు.

అదే టాపిక్‌కి ఒరెమ్ పెట్టి చూడండి. డొరోతియా ఒరెమ్ సెల్ఫ్ కేర్ డెఫిసిట్ థియరీ, పుస్తకంగా వచ్చింది 1971లో. మనిషి తన ఆరోగ్యం కోసం తాను చేసుకోవాల్సిన పనులు కొన్ని ఉంటాయి, చేసుకోగల శక్తి కొంత ఉంటుంది, చేయాల్సినదానికి శక్తి చాలనప్పుడు లోటు వస్తుంది, ఆ లోటు దగ్గర నర్స్ అవసరం పడుతుంది. జబ్బు వచ్చాక కొత్తగా వచ్చిపడే పనుల్ని ఆమె హెల్త్ డీవియేషన్ సెల్ఫ్ కేర్ రిక్విజిట్స్ అన్నారు. షుగర్ ఉన్న మనిషికి అవేమిటి? రోజూ పాదాల అడుగుభాగం చూసుకోవడం, వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడుచుకోవడం, గోళ్ళు అడ్డంగా తిన్నగా కత్తిరించుకోవడం, ఇంట్లో కూడా వట్టికాళ్ళతో తిరగకపోవడం, వేడినీళ్ళలో కాలు పెట్టేముందు వేడి చూసుకోవడం. చూశారా, ఇవే ప్రాక్టీస్ చెక్‌లిస్ట్‌లోని వరసలు. వీడియో పాఠం చెప్పడం ఆమె చెప్పిన మూడు నర్సింగ్ సిస్టమ్స్‌లో సపోర్టివ్ ఎడ్యుకేటివ్, అంటే నేర్పించి అండగా నిలవడం, కిందకి వస్తుంది. చార్టులో ఉన్న ప్రతి డబ్బాకీ టూల్‌లో ఒక చోటు దొరుకుతోంది.

ఇక్కడితో అయిపోయిందనుకోకండి, ఫ్రేమ్‌వర్క్ అసలు ఉపయోగం ఇప్పుడే మొదలవుతుంది. ఒరెమ్‌ని నిజంగా చదివితే మీకు ఒక అనుమానం రావాలి. నాలెడ్జ్ మార్కులు పెరిగినంత మాత్రాన సెల్ఫ్ కేర్ పెరిగినట్టేనా? షుగర్ వల్ల చూపు మందగించిన తాతకి క్వశ్చనేర్‌లో నిండుగా మార్కులు రావచ్చు, కానీ ఆయనకి తన అరికాలు కనిపించదు, వంగలేడు. ఆయన లోటు తెలివిలో లేదు, చేయగల శక్తిలో ఉంది. ఆయనకి వీడియో చాలదు, రోజూ కాలు చూసే కూతురో కోడలో కావాలి, అంటే పార్ట్‌లీ కాంపెన్సేటరీ (చేసుకోలేని కొంత పని ఇంకొకరు చేసిపెట్టే) వైపు జరగాలి. ఇది తట్టిందంటే మీరు డెమోగ్రాఫిక్ ప్రొఫార్మాలో మతం, ఆదాయం లాంటి మామూలు ప్రశ్నలతో పాటు చూపు ఎలా ఉంది, వంగగలరా, ఇంట్లో చూసేవాళ్ళు ఉన్నారా అని కూడా అడుగుతారు. ఆ మూడు ప్రశ్నలు ఫ్రేమ్‌వర్క్ ఇచ్చినవి. షాపు ఫోల్డర్లోని ఒరెమ్ చార్టు మీకు ఈ ప్రశ్నలు ఇవ్వదు, ఎందుకంటే అది గీసినాయనకి మీ పేషెంట్ ఎవరో తెలియదు.

"మరి హెల్త్ బిలీఫ్ మోడల్ పెట్టుకోవచ్చా అక్కా" అని ఆమె అడిగింది. పెట్టుకోవచ్చు, కానీ అప్పుడు స్టడీ మారాలి. ఆ మోడల్ 1950లలో అమెరికా పబ్లిక్ హెల్త్ సర్వీస్‌లో పనిచేసిన హోక్‌బామ్, రోజెన్‌స్టాక్ లాంటి సోషల్ సైకాలజిస్టులు తయారుచేసింది. టీబీ పరీక్షకి ఎక్స్‌రే తీస్తామన్నా జనం ఎందుకు రావడం లేదన్నది వాళ్ళ ముందున్న ప్రశ్న. అందుకే అందులో ఉన్నదంతా నమ్మకాల గురించి: నాకు వస్తుందా, వస్తే ఎంత ప్రమాదం, చేస్తే లాభమేంటి, చేయడానికి అడ్డమేంటి, ఏది నన్ను కదిలిస్తుంది. నేను చేయగలనన్న ధైర్యాన్ని, అదే సెల్ఫ్ ఎఫికసీని, 1988లో చేర్చారు. ఆ మోడల్‌లో నాలెడ్జ్ పక్కన ఉండే మాడిఫయింగ్ ఫ్యాక్టర్ మాత్రమే. నాలెడ్జ్ ఒక్కటే కొలిచి హెల్త్ బిలీఫ్ మోడల్ పెడితే నడిమధ్య డబ్బాలన్నీ ఖాళీ. అదే మీ ప్రశ్న "అన్నీ తెలిసి కూడా మా పేషెంట్లు వట్టికాళ్ళతో ఎందుకు తిరుగుతారు" అనేదైతే ఈ మోడల్ బ్రహ్మాండంగా సరిపోతుంది. మన దగ్గర మొక్కుకుని అలిపిరి మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కేవాళ్ళున్నారు, గుళ్ళో ఎండకి కాలిన బండల మీద ప్రదక్షిణలు చేసేవాళ్ళున్నారు. వాళ్ళలో షుగర్ వల్ల కాలి స్పర్శ పోయినవాళ్ళకి కాలినట్టు కూడా తెలియదు. పర్సీవ్డ్ బ్యారియర్స్ కింద ఇలాంటివి అడిగితే ఆ స్టడీ మన జనం గురించి ఏదైనా చెప్తుంది.

ఇక వీడెన్‌బాక్. ఈ షాపులో ఎక్కువగా అమ్ముడుపోయేది ఇదేనని కౌంటర్లో అబ్బాయే చెప్పాడు, పాత థీసిస్‌లు తిరగేస్తే అది నిజమేననిపిస్తుంది. ఎర్నెస్టైన్ వీడెన్‌బాక్ మెటర్నిటీ నర్సింగ్ మనిషి, యేల్‌లో పాఠాలు చెప్పారు, ఆమె పుస్తకం 1964 నాటిది. ఆమె థియరీలో మూడు భాగాలు: సెంట్రల్ పర్పస్ (నర్సు లక్ష్యం), ప్రిస్క్రిప్షన్ (దానికోసం చేయాల్సిన పని), రియాలిటీస్ (ఎదురుగా ఉన్న పరిస్థితులు). పేషెంట్‌కి ఏ సాయం కావాలో గుర్తించడం, ఆ సాయం అందించడం, అందిందో లేదో రూఢి చేసుకోవడం. మన థీసిస్‌లలో గుర్తించడం అంటే ప్రీ టెస్ట్, అందించడం అంటే టీచింగ్ ప్రోగ్రామ్, రూఢి చేసుకోవడం అంటే పోస్ట్ టెస్ట్. చూడగానే పొందికగా ఉంటుంది, అందుకే అందరూ పెట్టేస్తారు. కానీ ఆమె చెప్పిన వాలిడేషన్, అంటే ఆ రూఢి చేసుకోవడం, పేషెంట్‌తో కలిసి చేసేది, నాకు కావలసిన సాయం నాకు అందింది అని ఆ మనిషి నోటి నుంచో, తీరు నుంచో తెలుసుకునేది. అరవై మందికి క్వశ్చనేర్ పంచి, ముందుకీ తర్వాతకీ సగటు మార్కుల తేడా లెక్కకట్టి, ఇదే వాలిడేషన్ అంటే ఆ థియరీలోంచి పేషెంట్‌ని తీసేసినట్టే. మీరు ప్రతి పేషెంట్‌తో విడిగా కూర్చుని, అవసరం అడిగి, సాయం చేసి, మళ్ళీ అడిగే స్టడీ చేస్తుంటే, అంటే పురిటి నొప్పుల్లో ఉన్నవాళ్ళకి పక్కనే ఉండి సాయం చేయడం లాంటిదైతే, అప్పుడు వీడెన్‌బాక్ పెట్టుకోండి, చక్కగా కుదురుతుంది.

ఇమోజీన్ కింగ్‌ది కూడా ఇదే గొడవ. నర్సూ పేషెంటూ మాట్లాడుకుని ఇద్దరూ కలిసి లక్ష్యం పెట్టుకోవడం ఆమె గోల్ అటెయిన్‌మెంట్ థియరీకి ప్రాణం. పాఠం, లక్ష్యం, పరీక్ష అన్నీ మీరే ముందుగా రాసిపెట్టుకుని వెళ్తే కలిసి పెట్టుకున్నది ఏముంది? ఐసీయూలో వెంటిలేటర్ మీద స్పృహ లేకుండా ఉన్నవాళ్ళ స్టడీకి కింగ్ పెట్టిన చార్టు కూడా ఇదే షాపు ప్రింట్‌లో చూశాను. ఇద్దరూ కలిసి లక్ష్యం వైపు నడిచే ట్రాన్సాక్షన్ డబ్బా అందులో ఎవరికీ ఎవరికీ మధ్య?

జనరల్ సిస్టమ్స్ గురించి తక్కువే చెప్తాను. బెర్టలాన్ఫీ అనే జీవశాస్త్రజ్ఞుడి ఆలోచన అది, గొప్ప ఆలోచన. మన చార్టుల్లో మాత్రం ఇన్‌పుట్, త్రూపుట్, అవుట్‌పుట్, ఫీడ్‌బ్యాక్ అని నాలుగు డబ్బాలైపోయింది. అది ఏ టాపిక్‌కైనా సరిపోతుంది, కుట్టకుండానే అందరికీ పట్టే ఫ్రీ సైజ్ నైటీలాగా. ఒక పరీక్ష చెప్తాను, చేసి చూడండి. మీ చార్టులో టాపిక్ పేరు, జబ్బు పేరు చెరిపేసి హాస్టల్‌లో పక్క రూమ్ అమ్మాయికి ఇవ్వండి. ఇది ఏ స్టడీయో ఆమె కనీసం దగ్గరగా ఊహించగలిగితే ఫ్రేమ్‌వర్క్‌లో సరుకున్నట్టు. పీడియాట్రిక్స్ అమ్మాయి కూడా తన థీసిస్‌లో పెట్టుకోగలిగేలా ఉంటే మళ్ళీ మొదలుపెట్టాలి.

రైటప్ సంగతి కూడా చెప్పాలి. పెండర్ హెల్త్ ప్రమోషన్ మోడల్ పేజీల్లో షాపువాళ్ళు 1982 నాటి మోడల్ మాటల్నీ 1996లో సవరించిన మోడల్ బొమ్మనీ కలిపేశారు. సవరించినప్పుడు నోలా పెండర్ క్యూస్ టు యాక్షన్‌ని (మనిషిని పనికి కదిలించే సూచనల్ని) తీసేశారు, ఆ పని చేస్తున్నప్పుడు మనిషికి ఎలా అనిపిస్తుందన్నదాన్నీ, చేస్తానని మాటిచ్చుకోవడాన్నీ, అప్పటికప్పుడు అడ్డొచ్చే వేరే పనుల్నీ చేర్చారు. బొమ్మలో ఒకటి, పక్క పేజీలో ఇంకొకటి ఉంటే చదివినవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది ఇది చదివి రాసింది కాదని. ఏ సంవత్సరం మోడల్ వాడుతున్నారో రాయండి, థియరీ రాసినావిడ పుస్తకంలోంచే డెఫినిషన్ తీసుకోండి, ఇంకో థీసిస్‌లోంచి తీసుకోకండి. 'మాడిఫైడ్' అని రాస్తే ఏం మార్చారో, ఎందుకు మార్చారో ఒక పేరా ఉండాలి. అలాగే కొన్ని డబ్బాల చుట్టూ చుక్కల గీత గీసి 'నాట్ అండర్ స్టడీ', అంటే ఇది ఈ స్టడీలో కొలవడం లేదు, అని రాసే అలవాటుంది. ఒకటో రెండో అయితే అది నిజాయితీ. సగం చార్టు చుక్కల్లోనే ఉంటే ఆ థియరీ మీకు అవసరం లేదని అర్థం.

థియరీ అంటే నర్సింగ్ వాళ్ళదే అయ్యుండాలన్న పట్టింపు కూడా కొందరు గైడ్స్‌కి ఉంది. నాకు లేదు. పిల్లలకి టీకా వేసేటప్పుడు సూది గుచ్చే చోటు దగ్గర వేలితో నొక్కి పట్టుకుంటే నొప్పి తగ్గుతుందా అన్న స్టడీకి షాపులో మళ్ళీ వీడెన్‌బాకే ఇచ్చారు. దానికి మెల్జాక్, వాల్ 1965లో చెప్పిన గేట్ కంట్రోల్ థియరీ ఉంది కదా! స్పర్శని, ఒత్తిడిని మోసే లావు నరాల సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాల దారిని మూస్తాయన్నది అందులో విషయం. అంటే నొక్కినప్పుడు నొప్పి స్కోరు తగ్గాలి అని థియరీయే ముందుగా చెప్తోంది, మీ హైపోథిసిస్ దాన్లోంచే పుడుతుంది. నొప్పి తగ్గకపోతే ఎక్కడ చూడాలో కూడా అదే చెప్తుంది, సరిపడా నొక్కారా, సరైన చోట నొక్కారా, సరైన సమయంలో నొక్కారా అని. నొక్కడం బదులు ఐస్ పెట్టే స్టడీ అయితే జాగ్రత్త, చల్లదనం నరంలో సంకేతం వేగాన్నే తగ్గిస్తుంది, గేట్ ఒక్కటే చెప్తే సగమే చెప్పినట్టు. అలాగే మీ టూల్ నొప్పిని కాక మొత్తం హాయిని కొలుస్తుంటే కోల్కబా కంఫర్ట్ థియరీ దగ్గరవుతుంది. ఏం కొలుస్తున్నారో ముందు చూసుకోండి, థియరీని తర్వాత వెతకండి అని కూడా నేను అనను. రెండూ కలిసి పెరగాలి, ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని దిద్దుకోవాలి. నర్సింగ్ థియరీల మీద పుస్తకాలు రాసిన జాక్వెలిన్ ఫాసెట్ చెప్పే కాన్సెప్చువల్, థియరిటికల్, ఎంపిరికల్ మెట్లు ఇవే. పైమెట్టు మీద ఉన్న భావన నడిమెట్టు మీద నిర్వచనంగా, కిందిమెట్టు మీద మీ టూల్‌లో ప్రశ్నగా దిగాలి. మధ్యలో మెట్టు లేకపోతే కిందకి చేరదు.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది ఒక క్వాలిటేటివ్ స్టడీ, అంటే అంకెలతో కాక మనుషుల మాటలతో చేసేది. బ్రెస్ట్ క్యాన్సర్ ఆపరేషన్ అయిన ఆడవాళ్ళతో కూర్చుని వాళ్ళ అనుభవం వినే ఫినామినాలజీ స్టడీ, ఎంతో మంచి పని. దానికి కూడా ప్యాకేజీలో ఒక రెడీమేడ్ చార్టు తగిలించారు. వాళ్ళు ఏం చెప్తారో ముందే డబ్బాల్లో రాసేస్తే ఇంక వినడం దేనికి? గ్రౌండెడ్ థియరీ అయితే అసలు థియరీ డేటాలోంచి పుట్టాలి, గ్లేజర్, స్ట్రాస్ 1967లో చెప్పింది అదే. ఇలాంటి స్టడీల్లో ఫ్రేమ్‌వర్క్ పేజీ ఉండాలి అని కాలేజీ ఫార్మాట్ పట్టుబడితే, మీరు ఏ తాత్విక దృక్పథం నుంచి వింటున్నారో ఆ పేజీలో రాయండి, బాణాల బొమ్మ వద్దు.

ఇంకొకటి, ఏ షాపూ చేయలేనిది. ఫ్రేమ్‌వర్క్ మొదటి చాప్టర్లో కనిపించి ఆ తర్వాత మాయమైపోతుంది. డిస్కషన్ చాప్టర్ తెరిస్తే "ఈ ఫలితాలు ఫలానా స్టడీతో ఏకీభవిస్తున్నాయి" అన్న వాక్యాలే వరసగా ఉంటాయి, ఒరెమ్ పేరు ఒక్కసారి కూడా రాదు. ఎవరి థీసిస్ అయినా సరే, నేను మొదట చార్టు చూసి నేరుగా డిస్కషన్‌కి వెళ్తాను. నాలెడ్జ్ పెరిగింది, ప్రాక్టీస్ పెరగలేదు అని ఫలితం వస్తే, ఒరెమ్ దృష్టితో దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి అని ఒక పేజీ రాసినా చాలు, ఆ అమ్మాయి తన స్టడీని అర్థం చేసుకుందని నమ్ముతాను. థియరీ చెప్పినట్టు జరగకపోతే భయపడి దాచకండి. ఆ భాగమే అందరికీ పనికొస్తుంది.

ఇదంతా ఓనరన్నతో కూర్చుని మాట్లాడాను. ఆయన కోప్పడలేదు, దాచలేదు. "పిల్లలొచ్చి ఏడుస్తారు మేడమ్, రేపే ఇవ్వాలంటారు, మాకు తెలిసింది చేసిస్తాం, థియరీలు మాకేం తెలుసు" అన్నాడు. నిజమే. తెలియని పనికి బోర్డు పెట్టొద్దన్నా అని చెప్పాను. రెడీ చార్టుల బదులు, స్టూడెంట్ చేత్తో గీసుకొచ్చినదాన్ని కంప్యూటర్లో శుభ్రంగా గీసిచ్చే పని అమ్మమన్నాను. బోర్డు ఇంకా తీయలేదు, తీసిన రోజు రేటింగ్ మారుస్తాను. గీసిచ్చే పని మాత్రం అడిగితే ఇప్పుడూ చేస్తారు, అడ్డదిడ్డంగా గీసిన కాగితం ఇచ్చినా బాణాలు ఒకదాన్నొకటి తొక్కకుండా, అక్షరాలు చదవడానికి వీలుగా, ఒక్క పేజీలో సర్దుతారు. ఆ డయాబెటిస్ అమ్మాయి ఒరెమ్ చార్టు పెన్సిల్‌తో గీసుకుని వెళ్ళింది, సాయంత్రానికి చక్కగా ఇచ్చారు, ప్యాకేజీలో సగం కన్నా తక్కువే తీసుకున్నారు.

వెళ్ళేవాళ్ళకి కొన్ని మాటలు. జయనగర్ మెట్రోలో దిగి ఆటో ఎక్కండి, బండి మీద వెళ్తే పార్కింగ్ దొరకదు. చార్టు ఫైల్‌ని పీడీఎఫ్‌గా కాక మార్చుకోవడానికి వీలుగా అడిగి తీసుకోండి, గైడ్ తప్పకుండా ఏదో ఒకటి మార్చమంటారు. థియరిస్ట్ పేర్ల స్పెల్లింగ్ ప్రింట్‌కి ముందు మీరే చూసుకోండి, వీడెన్‌బాక్ పేరు మూడు రకాలుగా కొట్టిన పేజీ నా దగ్గర ఉంది. కన్నడ టైప్ చేసే ఆవిడ ఆదివారం రారు. హార్డ్ బైండింగ్‌కి చివరిరోజు ముందురోజు వెళ్ళకండి, మెట్ల మీద కూడా చోటుండదు.